పిల్లల భరణం లెక్క ఎలా తేలుతుంది?

తల్లిదండ్రులు విడిపోయినా పిల్లల పోషణ బాధ్యత ఇద్దరి మీదా ఉంటుంది. పిల్లలు ఎవరి దగ్గర పెరుగుతున్నారో వారికి రెండోవారు నెలనెలా చెల్లించే మొత్తమే పిల్లల భరణం. జీతంలో ఇంత శాతం ఇవ్వాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పలేదు. ఒక పక్క బిడ్డ అవసరాలను, మరో పక్క తల్లిదండ్రుల స్తోమతను పెట్టి కోర్టు అంచనా కడుతుంది. ఆ రెండూ కాగితాల మీద రుజువు కావాలి. అందుకే దాదాపు ఒకే స్థాయి కుటుంబాలకు కూడా వేరువేరు మొత్తాలు తేలుతుంటాయి.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైనప్పటి నుంచి ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన ఊరిది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పనికోసం వెళ్లి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు అక్కడ తరాలుగా ఉన్నాయి. ప్లాంటు పర్మినెంట్ ఉద్యోగి ఆదాయం రూపాయితో సహా పేస్లిప్పులో ఉంటుంది. అదే ప్లాంటులో ఠేకేదారు (కాంట్రాక్టరు) కింద పనిచేసే కార్మికుడికి చాలాసార్లు చెప్పుకోదగ్గ కాగితమే ఉండదు. ఇద్దరి పిల్లల కేసులూ వెళ్లేది దుర్గ్‌లోని ఫ్యామిలీ కోర్టుకే. ఆ పైన బిలాస్‌పూర్‌లో హైకోర్టు ఉంది.

చట్టం ఏం చెబుతోంది

పిల్లల భరణానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. చాలాకాలం సీఆర్‌పీసీ 125వ సెక్షన్‌గా పేరుపడ్డ ఈ నిబంధన 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్‌గా అమల్లో ఉంది. స్తోమత ఉండి కూడా తనను తాను పోషించుకోలేని మైనరు బిడ్డను నిర్లక్ష్యం చేసిన వ్యక్తి నెలనెలా డబ్బు చెల్లించాలని ఇది ఆదేశిస్తుంది. తల్లిదండ్రులకు పెళ్లి జరిగిందా లేదా అన్నదానితో బిడ్డ హక్కుకు సంబంధం లేదు. ముస్లిం తండ్రికీ ఈ బాధ్యత తప్పదని సుప్రీంకోర్టు 1997లోనే స్పష్టం చేసింది.

రెండోది హిందువులకు వర్తించే 1956 నాటి దత్తత, భరణాల చట్టం. దీని 20వ సెక్షన్ పిల్లల్ని పోషించే బాధ్యతను తండ్రితో పాటు తల్లి మీద కూడా పెట్టింది. మొత్తాన్ని నిర్ణయించేటప్పుడు చూడాల్సిన అంశాలు 23వ సెక్షన్‌లో ఉన్నాయి. ఇరుపక్షాల హోదా, అడిగేవారి సహేతుకమైన అవసరాలు, వారికి సొంత ఆస్తి గానీ ఆదాయం గానీ ఉందా, చెల్లించాల్సిన వ్యక్తి మీద ఇంకా ఎంతమంది ఆధారపడి ఉన్నారు అనేవి వాటిలో ముఖ్యమైనవి. ఇవి కాక, విడాకుల కేసు నడుస్తుండగా హిందూ వివాహ చట్టంలోని 26వ సెక్షన్ కింద, గృహహింస కేసులో 2005 నాటి చట్టం కింద కూడా పిల్లల ఖర్చులు అడగవచ్చు.

ఒకప్పుడు ఈ మొత్తానికి గరిష్ఠ పరిమితి ఉండేది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది నెలకు 50 రూపాయలు. 1955లో 500కు పెంచారు. 1973 కోడ్‌లోనూ 500 అలాగే నిలిచిపోయింది. ధరలు ఎన్ని రెట్లు పెరిగినా ఆ అంకె కదల్లేదు. 2001లో పార్లమెంటు పరిమితిని పూర్తిగా ఎత్తేసింది. అప్పటి నుంచి తగిన మొత్తం ఎంత అన్నది న్యాయమూర్తి విచక్షణకు వచ్చింది.

సూత్రం ఉన్న దేశాలు

కొన్ని దేశాల్లో ఈ లెక్క ఇంట్లో కూర్చుని వేసుకోవచ్చు. బ్రిటన్‌లో చెల్లించాల్సినవారి వారపు స్థూల ఆదాయం 200 నుంచి 800 పౌండ్ల మధ్య ఉంటే ఒక బిడ్డకు 12 శాతం, ఇద్దరికి 16 శాతం, ముగ్గురికి, అంతకంటే ఎక్కువమందికి 19 శాతం చొప్పున కడతారు. బిడ్డ ఏడాదిలో కనీసం 52 రాత్రులు చెల్లించేవారి ఇంట్లో గడిపితే మొత్తం తగ్గుతుంది. తెలుగువారు ఎక్కువగా ఉండే అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో నికర ఆదాయం మీద ఒక బిడ్డకు 20, ఇద్దరికి 25, ముగ్గురికి 30 శాతం మార్గదర్శక రేటు. అమెరికాలోని మెజారిటీ రాష్ట్రాలు మాత్రం తల్లిదండ్రులిద్దరి ఆదాయాన్నీ కలిపి, అంత ఆదాయమున్న ఇంట్లో బిడ్డకు ఎంత ఖర్చవుతుందో పట్టికలో చూసి, దాన్ని ఇద్దరికీ పంచుతాయి.

ఇలాంటి సూత్రంతో ఎంత వస్తుందో ముందే తెలుస్తుంది. మన పద్ధతిలో అది తెలియదు. అయితే బిడ్డకు ఖరీదైన వైద్యం అవసరమైనా, తండ్రి ఆదాయం సీజన్‌ను బట్టి మారినా మన కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకునే వీలు ఎక్కువ.

ఆదాయం తేల్చే అఫిడవిట్

విచక్షణ మరీ చెల్లాచెదురు కాకుండా సుప్రీంకోర్టు 2020 నవంబర్ 4న రజనేష్–నేహా కేసులో దేశమంతటికీ ఒక పద్ధతి నిర్దేశించింది. తీర్పు ఇచ్చినవారు జస్టిస్ ఇందూ మల్హోత్రా, జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి. దాని ప్రకారం భరణం కేసులో ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయం, నెలవారీ ఖర్చులు వివరిస్తూ అఫిడవిట్ వేయాలి. జవాబు ఇవ్వాల్సిన పక్షానికి నాలుగు వారాల గడువు ఉంటుంది. వాయిదాల మీద వాయిదాలు అడగడానికి వీల్లేదు. అఫిడవిట్‌లో అబద్ధం చెబితే చర్యలు తప్పవు.

భిలాయి ప్లాంటు ఉద్యోగి విషయంలో లెక్క పేస్లిప్పుతో మొదలవుతుంది. బేసిక్, మూడు నెలలకోసారి మారే డీఏ, ఇతర అలవెన్సులు, నైట్ షిఫ్ట్ డబ్బు అన్నీ అందులో కనిపిస్తాయి. తగాదా వచ్చేది కోతల దగ్గరే. ఆదాయపు పన్ను, తప్పనిసరి పీఎఫ్ లాంటివి ఉద్యోగి చేతిలో లేని కోతలు గనుక కోర్టులు వాటిని తీసేసి చూస్తాయి. తనంతట తాను పెంచుకున్న పీఎఫ్, సొసైటీ అప్పు, ఎల్‌ఐసీ ప్రీమియం, కారు వాయిదా అలాంటివి కావు. వాటిలో కొన్ని పొదుపు, కొన్ని ఆస్తి కూడబెట్టుకోవడం. బిడ్డ తిండి, చదువు కన్నా అవి ముందుకు రావడానికి కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు.

ఉదాహరణకు ఒక ఉద్యోగి స్థూల జీతం 92,000 రూపాయలు అనుకుందాం. పీఎఫ్ 8,000, పన్ను 4,000 పోతే మిగిలేది 80,000. ఇంకా ఇంటి అప్పు వాయిదా 14,000, సొసైటీ అప్పు 10,000, అదనపు పీఎఫ్ 8,000, బీమా 3,000 కోసుకుంటే బ్యాంకులో పడేది 45,000. భరణం లెక్కకు సాధారణంగా ఆధారమయ్యేది 80,000 గానీ 45,000 కాదు. కేసు పడ్డాక కొత్త అప్పు తీసి చేతికొచ్చే జీతం తగ్గించుకున్నా పెద్దగా ఫలితం ఉండదు.

పేస్లిప్పులో నగదుగా కనిపించని సదుపాయాలనూ చూడాలి. టౌన్‌షిప్ సెక్టార్లలో క్వార్టరు ఉన్న ఉద్యోగికి అద్దె ఖర్చు చాలావరకు తప్పుతుంది. బిడ్డతో క్వార్టరు వదిలి బయటకు వచ్చిన తల్లి మీద అద్దె పడుతుంది. ఉద్యోగి కుటుంబానికి ప్లాంటు వారి సెక్టార్ 9 ఆసుపత్రిలో దొరికే వైద్యం బిడ్డకు కొనసాగుతోందా అన్నది కూడా లెక్కను మారుస్తుంది. కొనసాగితే తల్లి చూపే వైద్య ఖర్చు తగ్గుతుంది. ఆగిపోతే ఆ భారం భరణంలోకి వస్తుంది. ఏటా వచ్చే బోనసు, సొంతూళ్లో అద్దెకిచ్చిన ఇల్లు కూడా ఆదాయంలోకే వస్తాయి.

స్వగ్రామంలో పొలం ఉంటే దాన్నీ చూపాలి. వ్యవసాయ ఆదాయం ఉన్నవారి కోసం సుప్రీంకోర్టు విడిగా ఒక అఫిడవిట్ నమూనా ఇచ్చింది. శ్రీకాకుళం జిల్లాలోని పొలం వివరాలకు 1బి, అడంగల్ అనే భూరికార్డుల నకళ్లు చాలు. భిలాయిలో ఉన్నవారు వాటిని మీభూమి పోర్టల్‌లోనే చూసుకోవచ్చు.

ఠేకా కార్మికుడు, ఆటో నడిపేవాడు, సుపేలా బజారులో దుకాణం పెట్టుకున్నవాడు అయితే దారి వేరు. పీఎఫ్ పాస్‌బుక్కు, ఈఎస్‌ఐ చందా, బ్యాంకు స్టేట్‌మెంటు, యూపీఐ జమలు, జీఎస్‌టీ నమోదు, కరెంటు బిల్లు, బండి కాగితాలు ఒక్కోటి ఒక్కో ఆనవాలు. ఏదీ దొరకకపోతే ఆ పనికి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనాన్ని కోర్టు ఆధారంగా తీసుకోవచ్చు. పని లేదన్న జవాబు ఒక్కటే చెల్లదు. ఒళ్లు బాగున్న మనిషి కూలి చేసైనా భార్యాబిడ్డలను పోషించాలని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. 2022లోనూ అదే మాట మళ్లీ చెప్పింది. ఉద్యోగం కావాలనే మానేసినవారి విషయంలో వారు ఎంత సంపాదిస్తున్నారన్నది కాక, ఎంత సంపాదించగలరన్నది కోర్టు చూస్తుంది.

బిడ్డ అవసరాల జాబితా

రెండో పక్క బిడ్డ ఖర్చు. తిండి, బట్టలు, నివాసం, వైద్యం, చదువు ఇందులో తప్పనిసరి అంశాలు. కోచింగ్, వృత్తి శిక్షణ ఖర్చులను కూడా కలపాలని 2020 తీర్పు చెప్పింది. అవి మితిమీరిన ఆడంబరంగా మాత్రం ఉండకూడదు. భిలాయి తల్లిదండ్రులకు ఇది చిన్న విషయం కాదు. ఐఐటీ ప్రవేశ పరీక్ష కోసం తొమ్మిదో తరగతి నుంచే పిల్లల్ని కోచింగ్‌లో చేర్చే అలవాటు ఆ ఊళ్లో బలంగా ఉంది. చాలా ఇళ్లలో స్కూలు ఫీజు కన్నా కోచింగ్ ఫీజే ఎక్కువ.

ఏడాదికోసారి కట్టే ఫీజులను 12తో భాగించి నెల ఖర్చుగా చూపాలి. తొమ్మిదో తరగతి బిడ్డకు నెలకు స్కూలు 3,500, కోచింగ్ 6,000, తిండి 4,500, బట్టలు, పుస్తకాలు 1,500, రాకపోకలు 1,500, వైద్యం 1,000 అనుకుంటే 18,000 అవుతుంది. తల్లి ఇంటి అద్దె 8,000లో బిడ్డ వాటా సగం 4,000 కలిపితే 22,000. ఈ అంకెలు కేవలం ఉదాహరణకు. అసలు కేసులో ప్రతి అంకెకూ రసీదు ఉంటే బలం. రసీదు దొరకని తిండి, అద్దె వాటా లాంటివాటికి కోర్టు సాధారణ జీవన వ్యయాన్ని బట్టి అంచనా వేసుకుంటుంది.

ఇంకో కొలత బిడ్డ అంతకు ముందు ఎలా పెరిగాడన్నది. విడిపోకముందు చదివిన బడి, ఉన్న ఇల్లు, జరిగిన వైద్యం ప్రమాణంగా నిలుస్తాయి. తండ్రి మంచి స్థితిలో ఉంటే ఆకలి తీరేంత మాత్రమే ఇవ్వడం సరిపోదు. తండ్రిదే చిన్న జీతమైతే బిడ్డ అవసరం ఎంతున్నా స్తోమతను మించి ఆదేశం ఇవ్వడం కుదరదు. వైకల్యమున్న బిడ్డకు చికిత్స, సహాయకుల ఖర్చు విడిగా చేరుతుంది.

ఇద్దరి మధ్య పంపకం

తల్లి కూడా సంపాదిస్తుంటే ఖర్చును ఆదాయాల నిష్పత్తిలో పంచడం కోర్టుల్లో స్థిరపడ్డ పద్ధతి. 2000లో సుప్రీంకోర్టు ఒక కేసులో భార్యాభర్తల జీతాలు చూసి పిల్లల ఖర్చును 2:1గా విభజించింది. పై ఉదాహరణలో తండ్రి ఆదాయం 80,000, ప్రైవేటు స్కూల్లో టీచరుగా ఉన్న తల్లి ఆదాయం 20,000 అనుకుంటే నిష్పత్తి 4:1. బిడ్డ ఖర్చు 22,000లో తండ్రి వాటా 17,600, తల్లి వాటా 4,400. తల్లికి ఉద్యోగం ఉన్నంత మాత్రాన తండ్రి బాధ్యత తీరదు. బిడ్డను రోజూ చూసుకునే శ్రమకు అంకె లేకపోయినా, అది తల్లి వంతు అన్న సంగతి కోర్టు దృష్టిలో ఉంటుంది.

తల్లికి ఆదాయం లేకపోతే ఆమె భరణం, బిడ్డ భరణం కలిపి చూడాల్సి వస్తుంది. అలాంటి సందర్భాల్లో ఢిల్లీ హైకోర్టు 2004లో చెప్పిన వాటాల పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది. కుటుంబ ఆదాయాన్ని ఒక కేకు అనుకుని, సంపాదనకు అయ్యే అదనపు ఖర్చుల కోసం సంపాదించే వ్యక్తికి రెండు వాటాలు, మిగతావారికి తలా ఒకటి ఇస్తారు. 80,000 ఆదాయం, భార్య, ఒక బిడ్డ అయితే మొత్తం నాలుగు వాటాలు, వాటా 20,000. ఇద్దరు బిడ్డలైతే అయిదు వాటాలు, ఒక్కోటి 16,000. అతని మీద ఆధారపడ్డ ముసలి తల్లి ఉంటే ఇంకో వాటా చేరి మిగతావి ఆ మేరకు తగ్గుతాయి. భార్య వరకే చూస్తే భర్త నికర జీతంలో 25 శాతం న్యాయంగా ఉంటుందని 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో పేర్కొంది. ఇవన్నీ కోర్టులకు దిక్సూచి లాంటివే తప్ప కట్టుబడి తీరాల్సిన సూత్రాలు కావు.

ఒకటికి మించి చట్టాల కింద కేసులు వేసినా డబ్బు రెండుసార్లు రాదు. ముందు వచ్చిన ఆదేశాన్ని తర్వాతి కోర్టుకు చెప్పాలి. అక్కడ దాన్ని సర్దుబాటు చేస్తారు. బిడ్డను చూడనివ్వడం లేదన్న కారణంతో తండ్రి భరణం ఆపలేడు. భరణం రాలేదని తల్లి బిడ్డను చూపించకుండా ఉండటమూ సరికాదు. ఆ రెండూ వేర్వేరు విషయాలు.

కేసు ఎక్కడ, డబ్బు ఎప్పటి నుంచి

బిడ్డతో పుట్టింటికి వెళ్లిపోయిన తల్లి భరణం కోసం భిలాయి రావలసిన పని లేదు. భర్త ఉన్నచోట గానీ, తాను ఉంటున్నచోట గానీ, ఇద్దరూ చివరిసారి కలిసి ఉన్నచోట గానీ దరఖాస్తు చేయవచ్చు. ఆమె శ్రీకాకుళంలో ఉంటే అక్కడి కోర్టే భిలాయిలోని ఉద్యోగికి నోటీసు పంపగలదు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును 1987 నాటి న్యాయ సేవల చట్టం ఇచ్చింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడిగితే లాయరును ఇస్తారు. 15100 నంబరుకు ఫోన్ చేసి కూడా సలహా పొందవచ్చు.

తుది తీర్పు ఆలస్యమైనా ఈలోగా మధ్యంతర భరణం అడగవచ్చు. నోటీసు అందిన 60 రోజుల్లో దాన్ని తేల్చాలని చట్టం చెబుతుంది గానీ, ఆచరణలో చాలా కేసులు ఆ గడువు దాటతాయి. అందుకే 2020 తీర్పులోని ఇంకో అంశానికి ప్రాముఖ్యం ఉంది. ఆదేశం ఎప్పుడు వచ్చినా భరణం దరఖాస్తు చేసిన తేదీ నుంచే లెక్కించాలి. కేసును సాగదీస్తే బాకీ పెరగడం తప్ప తప్పించుకునే దారి దొరకదు.

చెల్లించకపోతే

ఆదేశించిన మొత్తం కట్టకపోతే కోర్టు వారంటు జారీ చేసి జరిమానా వసూలు చేసినట్టే వసూలు చేస్తుంది. అప్పటికీ రాకపోతే ఒక్కో నెల బాకీకి నెల రోజుల వరకు జైలు శిక్ష వేయవచ్చు. జైలుకెళ్లి వస్తే బాకీ తీరిపోయినట్టు కాదని 1989లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే బాకీ పడిన తేదీ నుంచి ఏడాదిలోగా ఈ దరఖాస్తు పెట్టాలి. ఏళ్ల తరబడి ఊరుకుంటే పాత నెలల బాకీని ఈ మార్గంలో రాబట్టడం కష్టం.

ప్లాంటు ఉద్యోగి లాంటివారి నుంచి వసూలుకు నేరుగా జీతమే దారి. మామూలు అప్పు డిక్రీకి జీతంలో పెద్ద భాగం జప్తు నుంచి రక్షణలో ఉంటుంది. భరణం డిక్రీకి మాత్రం సివిల్ ప్రొసీజర్ కోడ్ మూడో వంతుకే ఆ రక్షణ ఇచ్చింది. గృహహింస చట్టం కింద అయితే జీతంలోంచి కోసి నేరుగా బాధితురాలికి చెల్లించమని యజమానినే మెజిస్ట్రేటు ఆదేశించవచ్చు. ఠేకా కార్మికుడి దగ్గర ఈ సాధనాలు అంతగా పనిచేయవు. ఠేకేదారు మారగానే వసూలు మళ్లీ మొదటికొస్తుంది.

మార్పు, ముగింపు

ఒకసారి తేలిన మొత్తం శాశ్వతం కాదు. జీతాలు పెరిగినా, బిడ్డ పై తరగతికి వెళ్లినా, జబ్బు చేసినా పెంచమని అడగవచ్చు. చెల్లించేవారు రిటైరైనా, ఉద్యోగం పోయినా తగ్గించమని అడగవచ్చు. మారిన పరిస్థితిని రుజువు చేయాల్సింది అడిగేవారే. ప్రతిసారీ కోర్టుకు వెళ్లే అవసరం లేకుండా ఏటా గానీ రెండేళ్లకోసారి గానీ కొంత శాతం పెరిగేలా మొదటి ఆదేశంలోనే రాయించుకోవచ్చు. పరస్పర అంగీకారంతో విడిపోయేటప్పుడు తల్లి తన భరణం వదులుకున్నా బిడ్డ హక్కు దాంతో పోదు.

నాగరిక్ సురక్షా సంహిత కింద బాధ్యత బిడ్డకు 18 ఏళ్లు నిండేవరకు. శారీరక, మానసిక వైకల్యం వల్ల సంపాదించుకోలేని బిడ్డకు ఆ తర్వాత కూడా వర్తిస్తుంది. కొడుకు తొలి డిగ్రీ పూర్తయ్యేదాకా తండ్రి ఖర్చు పెట్టాలని 2021లో సుప్రీంకోర్టు ఒక కేసులో ఆదేశించింది. కూతురి విషయంలో హిందూ చట్టం ఇంకా ముందుకెళ్తుంది. సొంతంగా పోషించుకోలేని కూతురికి పెళ్లయ్యేవరకు భరణం హక్కు ఉంది. పెళ్లికి అయ్యే సహేతుకమైన ఖర్చు కూడా భరణం కిందికే వస్తుంది.

ఈ చివరి అంశం మీద ఛత్తీస్‌గఢ్ హైకోర్టు 2022లో తీర్పు ఇచ్చింది. ఆ కేసులోని తండ్రి భిలాయి ఉక్కు కర్మాగారం ఉద్యోగి. అవివాహిత అయిన కూతురు తన పెళ్లి ఖర్చు తండ్రి నుంచి ఇప్పించమని దుర్గ్ ఫ్యామిలీ కోర్టును ఆశ్రయిస్తే అది దరఖాస్తు కొట్టేసింది. హైకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసి, 1956 చట్టం కింద పెళ్లి ఖర్చు అడిగే హక్కు ఆమెకు ఉందని తేల్చింది. ఎంత ఇవ్వాలో తాను చెప్పకుండా, సాక్ష్యాలు చూసి నిర్ణయించమని కేసును తిరిగి ఫ్యామిలీ కోర్టుకే పంపింది.